అక్క ఇంటి ఎర్ర నీళ్లు

మొన్న కరీంనగర్‌లో పొద్దున్నే పత్రిక తిరగేస్తుంటే, కర్మాగారాలు పారబోసే బూడిదతో నీళ్లలోని విషాలను పీల్చే పదార్థం తయారవుతోందన్న వార్త కంటపడింది. ఇలాంటి వార్త చదవగానే నా ఈడు వాళ్లం ముందు సంతోషించం, ఎవరు పరీక్షించారని అడుగుతాం. నేనూ అదే అడిగాను. అడిగిన మరుక్షణం బెల్లంపల్లిలో ఉండిన మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే అక్క భర్త. బొగ్గుతో నడిచే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. వాళ్ల క్వార్టర్ల బావిలో ఇనుము ఎక్కువై నీళ్లు తుప్పు రంగులో ఉండేవి, అన్నం వండినా ఎర్రబారేది. అక్కకు అప్పుడు ఏడో నెల. ఆమెకు ఆ నీళ్లు తప్పించాలని బావ బాయిలర్ బూడిద తెచ్చి, కాస్టిక్ సోడాలో రోజంతా ఉడికించి, గింజలుగా ఆరబెట్టి, అడుగున చిల్లున్న కుండలో పోసి పైనుంచి బావినీళ్లు వంపాడు. కిందికి తేటగా దిగాయి. వాడకట్టంతా వచ్చి చూసింది.

నేనప్పుడు కొత్తగా సైన్సు మాస్టర్ని, సంతల్లో మంత్రించిన నీళ్లు అమ్మేవాళ్లతో నలుగురిలో వాదించి వచ్చిన వేడి ఇంకా ఆరనివాణ్ని. తేటగా ఉన్నంత మాత్రాన మంచివని ఎవరన్నారంటూ అక్క చేతిలోని గ్లాసు లాక్కున్నాను. ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలమైంది. గింజల్లో సోడా మిగిలే ఉంది.

“గిదేంది బామ్మర్దీ, దొంగ బాబాలను పట్టినట్టు నన్ను పడుతున్నవ్?” అన్నాడు బావ. అన్నాడే గాని, ఆ రోజు నుంచే డ్యూటీ దిగి రావడం, వంగి గింజలు కడగడం, కాగితం ముంచడం మొదలుపెట్టాడు. నేను అరుగు మీద కూర్చుని, రంగు చూసి, ఇంకా కాలేదని చెప్పేవాణ్ని. వారానికి కాగితం రంగు మారడం మానేసింది.

“ఇగ తాగొచ్చా తమ్మీ, నీ పర్మిషన్ ఉన్నదా?” అని అక్క నవ్వింది. నేను నవ్వలేదు. ఈ కాగితానికి అందనివి బూడిదలోంచి ఇంకేమైనా దిగుతున్నాయేమో అన్నాను. బావ సీసా నింపుకుని కరీంనగర్‌లో పరీక్షకు ఇచ్చి వచ్చాడు. ఇనుము పోయింది గాని బూడిదలోని మరో విషం నీళ్లలో కలుస్తోందని, తాగడానికి పనికిరావని జవాబొచ్చింది.

ఆ జవాబును వాడకట్టు ముందర, వాదంలో నెగ్గినవాడిలా గొంతెత్తి చదివాను.

“నువ్వే గెలిచినవ్ తియ్యి” అని, బావ గింజలన్నీ బూడిద కుప్ప మీద పోసొచ్చాడు. ఇంకోలా ఉడికించి చూద్దామనో, వేరే బూడిద తెద్దామనో నాకు తోచలేదు. తప్పు పట్టడంతో నా పని తీరిందనుకున్నాను. మర్నాడు అక్క మళ్లీ ఆ ఎర్ర నీళ్లే తాగింది.

గ్లాసు లాక్కున్నందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. ఈనాటి ప్రయోగశాలల్లో చేసే చేతులే అనుమానిస్తాయట, చెడితే మళ్లీ మొదలుపెడతాయట. పూర్తిగా నమ్మలేదు గాని, నిజమైతే ఎంత బాగుండు. మా రోజుల్లో చేసేవాడొకడు, అడిగేవాడొకడు. ఆ వారంలో ఒక్క పూటైనా నేను అరుగు దిగి, గింజలు కడుగుతున్న బావ చేతుల మీద నీళ్లు పోసి ఉంటే, ఆయన మళ్లీ పొయ్యి వెలిగించేవాడేమో.