మైనం కాగితంలోని బ్రేకు కేబుల్

"మామా, నువ్వు ఎక్కి తిరిగేది బండి కాదు, పాత ఇనప సామాను. చేసిన కంపెనీకే తాళం పడింది. ఘాటులో నిలబడిపోతే దిక్కెవరు?"

"తాళం పడింది కంపెనీకప్పా, నా బండికి కాదు. పద్దెనిమిదేండ్లుగా ఆ ఘాటు ఎక్కుతాండాది, దిగుతాండాది. నీదాన్ని గోడకు ఆనిస్తే సగం ఊడి కింద పడతాది. అంతా ప్లాస్టిక్కే."

"ప్లాస్టిక్ అయితేనేం? ఇంజన్ జపానోళ్ల లెక్కన చేసింది. లీటరుకు అరవై ఇస్తాది."

"రేపు జపానోడు వచ్చి నా బిడ్డను పట్టుకుంటాడా? నాది మన దేశంలో మనోళ్లు పోత పోసిన ఇనుము."

"ఆ నమూనా కూడా బయటి దేశందే మామా. పేరు మార్చి ఈడ చేసినారు. నీకెవరూ చెప్పలే."

2004వ సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. కడపలో రాయచోటి రోడ్డు మీద, నా స్పేర్ పార్టుల అంగడి ముందర మామా అల్లుడూ ఇట్ల పట్టుకున్నారు. మామ పేరు ఓబులేసు. గువ్వలచెరువు నుంచి రోజూ పొద్దున్నే కొండ మలుపుల ఘాటు దారి దిగి వచ్చి, కడప హోటళ్లకు పాలకోవా వేసి పోతాడు. అల్లుడు సుధాకర ఎర్రగుంట్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆ నెలలోనే కొత్త ఫోర్ స్ట్రోక్ బండి కొన్నాడు.

బండ్ల మీద వాదులాట మా అంగడి ముందర దినామూ ఉండేదే. పాత బండోళ్లు ఒక పక్క, కొత్త బండోళ్లు ఒక పక్క. కానీ ఆ దినం సంగతి వేరే. ఓబులేసు కూతురు పార్వతి కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఎనిమిదో నెల. మర్నాడు పొద్దున ఆ పిల్లను కడప ఆసుపత్రిలో చూపించడానికి తేవాలి. రాత్రి షిఫ్టు దిగి నేనే వచ్చి నా బండి మీద పిలుచుకొస్తానంటాడు అల్లుడు. నా బిడ్డను నా బండి మీద నేనే తెస్తానంటాడు మామ. ఓబులేసు బండికి ముందు బ్రేకు కేబుల్ పోగులు లేచి ఉంది. దాన్ని మార్చుకోవడానికే వచ్చినాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను చదివింది నాలుగో తరగతి. మా ఆయన పోయినాక పదకొండేండ్లుగా నేనే అంగట్లో కూచుంటున్నాను. సరుకు పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి గానీ నాకు చేతితో తూచి చూడడమే తెలుసు. బరువుంటే మంచిది, తేలికైతే నాసి. అమ్మిన సరుకు వాపసు తీసుకోను. పొద్దు గుంకకుండా అంగడి మూయను. ఊరికే బస్సు ఎక్కను.

ఓబులేసు ఎక్కే ఆ పాత టూ స్ట్రోక్ బండి చేసే కంపెనీ మూతబడేటప్పుడు మా ఆయన ఆ బండి సామాన్లు ఒక పెట్టె కొని పెట్టినాడు. అందులో ముందు బ్రేకు కేబుళ్లు పన్నెండు. ఒక్కోటీ మైనం కాగితంలో చుట్టి, కంపెనీ సీలు వేసి ఉంటుంది. ఒరిజినల్ అంటే అదీ. ఇంకోపక్క, కొత్తగా హైదరాబాదు గల్లీలలో చేసిన కేబుళ్లు కూడా నా దగ్గర ఉన్నాయి. వాటికి సీలూ లేదు, పేరూ లేదు. చేతిలో పెట్టుకుంటే దారమంత బరువు.

ఓబులేసు అడిగింది ఆ కొత్తదే. అందరూ అదే వేసుకుంటాండారు కదా అవ్వా అన్నాడు. నేను వినలేదు. మైనం కాగితం విప్పి పాత కేబుల్ చేతికిచ్చినాను.

"ఇది తూచి చూడు ఓబులేసూ. నీ బండితో పాటు పుట్టింది. ఆ డూప్లికేటు తీగ దూడను కట్టేసేదానికి కూడా పనికిరాదు."

అల్లుడు నవ్వి, "అవ్వా, టూ స్ట్రోక్ బండికి ఘాటు దిగేటప్పుడు బ్రేకులే దిక్కు. పాత సరుకు అంటగట్టొద్దు" అన్నాడు.

ఆ మాటలో నిజముంది. దిగుడులో గేరు వేసి ఆక్సిలేటర్ వదిలితే ఫోర్ స్ట్రోక్ ఇంజను తానే బండిని కొంత వెనక్కు పట్టుకుంటుంది. దాన్నే మెకానిక్కులు ఇంజన్ బ్రేకింగ్ అంటారు. టూ స్ట్రోక్‌లో ఆ పట్టు శానా తక్కువ. నాకు తెలియక కాదు. కానీ మా ఆయన కొన్న పెట్టెను వాడు పాత సరుకు అన్నాడని నాకు రోషం వచ్చింది. నీకు పెండ్లి కాకముందు నుంచీ ఈ సరుకు ఈ అంగట్లో ఉందప్పా అని వాని నోరు మూయించినాను. ఆ మాట నాకే ఎదురు తిరుగుతుందని అప్పుడు అనుకోలేదు.

ఎదురుగా షెడ్డులో మస్తాన్ అనే మెకానిక్ ఉన్నాడు. కేబుల్ అతనే బిగించినాడు. నిలబడి ఒకటికి రెండుసార్లు లివర్ నొక్కి చూసి, బాగుందన్నాడు. అల్లుడు మధ్యాహ్నం నుంచే ఎవరికో బదులు డబుల్ డ్యూటీ ఉందని ఫ్యాక్టరీకి పోయినాడు. పోతా పోతా పొద్దున ఆసుపత్రి దగ్గరే కలుస్తానన్నాడు. అంటే మామే గెలిచినాడు. ఖాళీ కోవా డబ్బాలు కట్టుకొని ఘాటు దారి పట్టినాడు.

మూడు గంటలప్పుడు ఎవరూ లేరు. నాకు ఇంకా మనసులో ఆ పిల్లోని మాట గుచ్చుకుంటానే ఉంది. మిగిలిన పదకొండు కేబుళ్లలో ఒకటి తీసుకొని షెడ్డుకు పోయి, దీన్ని వైసులో బిగించి లాగి చూపించు మస్తానూ, రేపు ఆ అబ్బోడికి చెప్తా అన్నాను. వైసు అంటే ఇనుమును కదలకుండా పట్టుకునే బల్ల పట్టు. కేబుల్ కొనకు సీసపు గుండు ఒకటి ఉంటుంది, దాన్ని నిప్పల్ అంటారు. లివర్ పట్టుకునేది ఆ గుండునే. మస్తాన్ వైసులో దాన్ని బిగించి, తీగను చేతికి గుడ్డ చుట్టుకొని లాగినాడు. గట్టిగా కూడా కాదు, బావిలో బిందె చేదినట్టు లాగినాడు. గుండు వైసులోనే ఉండిపోయింది. తీగ చేతికి వచ్చింది.

కొన చూస్తే ఎర్రగా తుప్పు. లోపలి గ్రీజు గట్టిపడి, గీకితే పొడి రాలింది. ఇంకొకటి లాగినాము, నిలిచింది. ఇంకొకటి, ఊడింది. పదకొండింట్లో నాలుగు ఊడినాయి.

"పెట్టె యాడ పెట్టింటివి అవ్వా?"

"మీద. రేకుల కింద."

కడప రేకుల కింద పదేండ్లకు పైబడిన ఎండ. కురిసిన వానకు కారిన నీళ్లు. మైనం కాగితమూ, సీలూ పైకి అట్లనే ఉన్నాయి. చింతపండైనా ఏడాదికోసారి ఎండబెట్టి, ఉప్పు చూసి, జాడీ మారుస్తాను. ఇంట్లో వేరుశనక్కాయలు ముక్కిపోతే వాసన పడతాను. ఇనుము కదా, దీనికేమైతాది అనుకున్నాను. కదలకుండా ఉన్నది కూడా పాతబడుతుందని నాకు తెలియకపోవడమేమిటి?

మస్తాన్ నా అంగట్లోని డూప్లికేటు కేబుల్ ఒకటి తెచ్చి వైసులో బిగించినాడు. రెండు చేతులతో లాగినాడు. తర్వాత దూలానికి తగిలించి తానే వేలాడినాడు. దానికి ఏమీ కాలేదు.

పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి గువ్వలచెరువులో రోడ్డు పక్క కోవా అంగడికి ఫోను చేయించినాను. లైను చచ్చి ఉంది. ఓబులేసుకు సెల్లు లేదు. రాయచోటి బస్సు కండక్టరు చేతికి కేబులిచ్చి చెప్పి పంపుదామా అన్నాడు మస్తాన్. మేము అట్ల సామాను పంపడం మామూలే. కానీ ఓబులేసు నమ్మడు. పొద్దున నేనే దూడకు కూడా పనికిరాదన్న తీగను, సాయంత్రం నేనే పంపితే ఏమనుకుంటాడు? అల్లుడు చేయించినాడనుకుంటాడు. పైగా చెబితే రోషానికి తెల్లవారి బిడ్డను ఎక్కించుకొని అదే కేబుల్‌తో దిగుతాడు. ఆ ఘాటు మలుపులు నాకు తెలుసు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ.

నాలుగు గంటలకు అంగడి తలుపులు వేసినాను. పక్క అంగడోళ్లు, ఏమవ్వా ఒంట్లో బాగలేదా అని అడిగినారు. మస్తానే జవాబు చెప్పినాడు. కొత్త కేబుల్, ఒక స్పానరు గుడ్డలో చుట్టి నాకిచ్చి బస్సెక్కించినాడు.

కిటికీ పక్క కూచున్నాను. ఘాటు మొదలైనప్పటి నుంచి ఎదురుగా వచ్చే ప్రతి బండినీ చూస్తానే ఉన్నాను. ఓబులేసు ఇంటికి చేరినాడో లేదో, చేరి మళ్లీ ఏదో పని మీద దిగినాడో. నాలుగో మలుపులో బస్సు ఆగిపోయింది. ముందర జనం గుమిగూడి రోడ్డుకు అడ్డంగా నిలబడినారు. అందరికంటే ముందు నేనే దిగినాను. బండల లారీ టైరు పగిలి అడ్డంగా నిలిచింది, అంతే. లోయ పక్క పోయి కిందికి కూడా చూసినాను. ఏమీ లేదు. కండక్టరు, ముసలమ్మా ఎక్కు అని అరిచినాడు. లారీని పక్కకు తోయడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా చేతిలో మూట విప్పి చూడడం, మళ్లీ కట్టడం.

ఓబులేసు ఇల్లు చేరేసరికి బండి లేదు. పార్వతి వాకిట్లో కూచొని చింతగింజలు ఏరుతూ ఉంది. నాయన పాలకు పోయినాడవ్వా అనింది. యాడికి అంటే కిందికి, రెండు మలుపుల కింద పల్లెకు అని చెయ్యి చూపించింది. నేను ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు. కడుపుతో ఉన్న పిల్లకు ఏమని చెప్పేది? వాకిలి దాటి రోడ్డు మీద నిలబడినాను.

బండి చప్పుడు ఘాటులో దూరం నుంచే వినబడుతుంది. ఆ టూ స్ట్రోక్ గుడగుడ విన్నాక నాకు ఊపిరి ఆడింది. రెండు పాల క్యాన్లు కట్టుకొని ఓబులేసు పైకొచ్చినాడు.

సంగతి చెప్పినాను. అతను వినలేదు. ఇందాకే దిగి ఎక్కినా, ఏమైంది అన్నాడు. తర్వాత నా మొగంలోకి చూసి, "అల్లుడు ఎంతిస్తానన్నాడవ్వా?" అన్నాడు.

నేను బండి దగ్గరకు పోయి ముందు బ్రేకు లివర్ రెండు చేతులతో పట్టి నొక్కినాను. ఒకసారి ఏమీ కాలేదు. రెండోసారీ ఏమీ కాలేదు. ఓబులేసు నవ్వబోయినాడు. మూడోసారి లోపల టక్కుమనింది. లివర్ మెత్తగా, చచ్చిన కోడి మెడ మాదిరి నా చేతిలోకి వాలింది.

అతను పాల క్యాన్లు దించి పక్కన పెట్టినాడు. పార్వతి గడప దగ్గర నుంచి అంతా చూసింది.

తర్వాత అతనే స్పానరు అడిగి తీసుకున్నాడు. కొత్త కేబుల్ బిగించుకుంటూ, తల ఎత్తకుండానే అడిగినాడు.

"దూడకు పనికిరాదన్న తీగ కదా అవ్వా ఇది. దీన్ని నమ్మి నా బిడ్డను ఎట్ల ఎక్కించుకునేది?"

"ముందు నన్ను ఎక్కించుకో."

అప్పుడు పార్వతి మాట్లాడింది. ఆ దినమంతా ఆ పిల్లను ఎవరూ అడగలేదు. మామా అల్లుళ్లు కంపెనీల సంగతి మాట్లాడినారు, నేను సీలు సంగతి మాట్లాడినాను. "మీరు ఎవరి బండి అన్నా ఎక్కండి. నేనూ అమ్మా ఏడు గంటల బస్సుకు పోతాము" అని లోపలికి పోయింది. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను.

ఇరవై ఏండ్లకు పైగా బండ్ల సామాన్లు అమ్మిన అంగడి మాది. నేను ఒక్కనాడూ బండి ఎక్కలేదు. నా చేతి మీదుగా పోయిన కేబుల్ చివర ఒక మనిషి వేలాడుతూ ఉంటాడని ఆ ఘాటులోనే నాకు తెలిసింది. అప్పటి నుంచీ పాతదా కొత్తదా, మనదా బయటిదా అని ఎవరన్నా వాదిస్తే నేను చెప్పేది ఒకటే: లాగి చూడండి. వైసు అంగట్లోనే పెట్టించినాను. లాగి చూడకుండా ఏ కేబులూ అమ్మలేదు. ఊడితే వాపసు కూడా తీసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరు గంటలకు కోవా డబ్బా ఒళ్లో పెట్టుకొని ఓబులేసు వెనక కూచున్నాను. ప్రతి మలుపులోనూ అతను ముందు బ్రేకు నొక్కితే నా నుదురు అతని వీపుకు తగిలింది. కళ్లు మూసుకోలేదు. కిందికి దిగినాక అతను హోటళ్లకు పోయినాడు. ఏడు గంటల బస్సులో పార్వతి, వాళ్లమ్మ వచ్చినారు. సుధాకర ఆసుపత్రి దగ్గర ఎదురొచ్చినాడు. నేను అంగడి తలుపులు తీసి, రేకుల కింది పెట్టె దింపి, మిగిలిన ఏడు కేబుళ్లనూ కటింగ్ ప్లేయరుతో తుంచినాను. తీగలను పారేయలేదు. చిక్కుడు పందిరికి కట్టినాను.