కొలతలమ్మ కూతురు

ఆ రోజు బడిలో హెడ్మాస్టర్ నోరు మూయించిన ఘనత కొలతలమ్మదే. ఎదిగే పిల్లల మనసు ఎంతవరకు వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ప్రశ్నలడిగి కొలవడం ఆవిడ ఉద్యోగం. ఆ పేరు పెట్టింది ఆవిడ పిన్నే. కొలతలమ్మ మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి బడికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి గొడవంతా విన్నది.

"టీచర్లు గదిలో ఉంటేనే పిల్లలు నిజం రాస్తారమ్మా," అన్నాడాయన.

"ఉంటే మీకు నచ్చింది రాస్తారు సార్. బెత్తం నీడలో కొలిస్తే తేలేది భయమే."

టీచర్లు ఒక్కొక్కరే బయటికి నడిచారు. పిన్నికి కాలు నేల మీద ఆనలేదు. అక్క కూతురాయె, తన చేతుల్లో పెరిగిందాయె!

అంతమంది పిల్లల్ని కొలిచిన మనిషికి ఇంట్లో పిల్ల అంతు చిక్కకుండా పోయింది. పద్నాలుగేళ్ళది. పరుగు పందెం జట్టులోంచి తీసేసినప్పటినుంచి గది వదలడం లేదు. అన్నం కెలికి లేస్తోంది. స్నేహితురాళ్ళు వస్తే నిద్ర నటిస్తోంది.

తల్లి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "మనసులో ఏముందే, చెప్పమ్మా?"

"బాధగానే ఉందమ్మా. ఉండనీ. బాధ ఉన్నా నా పని నేను చేసుకోగలను."

ఎంత చక్కటి జవాబు! తలుపు దగ్గరున్న పిన్ని మెటికలు విరవబోయింది. కొలతలమ్మ మాత్రం నెత్తురుచుక్క లేని మొహంతో వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది.

"ఏమైందే? బంగారంలా చెప్పిందిగా!"

"అది దాని మాట కాదు పిన్నీ, నా ప్రశ్నల కాగితంలో ఉన్న జవాబు. పిల్లలకి అర్థమవుతాయో లేదోనని అన్నీ ముందు దానిచేతే చదివించాను. ఏ జవాబు మంచిదో కూడా చెప్పాను. ఇప్పుడు ఏదడిగినా అదే అప్పజెబుతోంది."

"చేజేతులా చేసుకున్నావన్నమాట! చదువు ముదిరితే..." అనబోయి పిన్ని నాలిక కరుచుకుంది. లోపల గదిలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. కొలతలమ్మ ఫోన్ అందుకుని ఎవరితోనో మాట్లాడి పెట్టేసింది.

"మనసు చూసే డాక్టరమ్మ, రేపు పొద్దున దీన్ని తీసుకురమ్మంది. అందాకా నేను వెళితే మళ్ళీ పాఠమే వస్తుంది. నువ్వెళ్ళి దాని పక్కన పడుకో పిన్నీ."

"వెళ్ళి ఏమడగనే?"

"ఏమీ అడక్కు. నీకు నోరాగదు, తెలుసు. బాబాయిని తిట్టుకో, నన్ను తిట్టుకో. దాన్ని మాత్రం ఏమీ అడక్కు. ఏడిస్తే నన్ను పిలువు. ఏడవకపోతే ఇంకా ముందే పిలువు."