ఆంటీ కూరలో ఉప్పు

మా నాచారం ఆంటీ మొన్న ఆదివారం నిద్రలోనే పోయింది. ఆమె హోటల్లో తిన్నవాళ్లు చాలామంది ఇంకా ఉప్పల్, బోడుప్పల్ వైపే ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. నా కోసం కూడా. ఇది కడుపులో పెట్టుకుని తిరగడం ఇక నా వల్ల కాదు.

ఆంటీ ఆంగ్లో ఇండియన్. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. ఇంజన్ డ్రైవర్‌గా చేసిన భర్త పోయాక మా ఇంటి కింది వాటా అద్దెకు తీసుకుని హోటల్ పెట్టింది. కొబ్బరిపాలు పోసి వండిన పసుపు అన్నం, ఖీమా ఉండల కూర, పెప్పర్ వాటర్. అది మన మిరియాల చారే కదా, దొరసాని పేరెందుకని నేను ఏడిపిస్తే, "మీ చారు మా తాతను పెండ్లి జేసుకుంది, గందుకే ఇంటిపేరు మారింది" అనేది. నవ్వితే భుజాలన్నీ ఊగేవి. ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవాళ్లు, రైల్వేవాళ్లు, చర్చి నుంచి వచ్చే కుటుంబాలు, అందరికీ అడక్కుండానే మారు వడ్డించేది. "తినేకాడ సిగ్గేంది బిడ్డా!"

కరోనా జ్వరం తర్వాత ఆంటీకి వాసన, రుచి పోయాయి. మళ్లీ రాలేదు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. "వండేదానికే రుచి తెల్వదంటే హోటల్‌కు ఎవరొస్తరే? ఇగ నువ్వే నా నాలుక."

రోజూ వంట కాగానే మెట్ల కింద నుంచి కేకేసేది. "బేటీ, జర ఉప్పు సూడు!" నేను దిగి వెళితే గరిటెతో నా అరచేతిలో చుక్క కూర వేసి, నా మొహంలోకే చూసేది.

మొదట్లో చేతి అలవాటు ఆమెను కాపాడింది. తర్వాత ఉప్పు తప్పింది. ఒకరోజు చప్పగా, ఇంకోరోజు నోట్లో పెట్టలేనంత. నేనేమన్నాను? "బాగుంది ఆంటీ!" పొద్దుటినుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి అలా చూస్తుంటే నోరు రాలేదు. వండిపెట్టినవాళ్ల ముందు వంకలు పెట్టొద్దని మా అమ్మ పెంచిన పెంపకం. ఏం పెంపకమో, నా ఖర్మ!

ఆమెకు ఒకసారి అనుమానం వచ్చింది. "నాకు మంచిమాట వద్దే, మంచి ఉప్పు గావాలె" అంది. "నిజంగా బాగుంది ఆంటీ" అన్నాను.

రోజూ వచ్చే ఫిట్టర్ ఒకతను గేటు దగ్గర నన్ను ఆపాడు. "అక్కా, ఆంటీ కూరకేమైంది?"

"నువ్వే చెప్పరాదూ?"

"ఎట్ల జెప్తనక్కా? తల్లి లెక్క పెడ్తది."

చెప్పలేదు. ఎదురుగా ఉన్న బిర్యానీ సెంటర్‌కు మారిపోయాడు. ఒకరి వెనక ఒకరు అందరూ అంతే.

హోటల్ మూసేసి షట్టర్ దించిన రోజు ఆంటీ అంది, "మా తిండి జనాలకు మొహం మొత్తింది బేటీ. గిది పాతకాలం తిండి." తప్పు తిండిది కాదు, ఉప్పుది అని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె ఆ మాటే నమ్ముకుని పోయింది.

సమాధి చేసి వచ్చాక ఆంటీ చెల్లెలు అందరికీ ఆ ఉండల కూరే వండింది. పక్కన నిలబడ్డ నన్ను చూసి, "జర ఉప్పు సూడమ్మా" అంది. నాకు తెలియకుండానే అరచెయ్యి చాపాను.

"తక్కువైంది" అన్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. తలైనా ఎత్తకుండా చిటికెడు ఉప్పు వేసి, కలిపి, మళ్లీ నా వైపు గరిటె చాపింది.

"ఇప్పుడు?"