సుగుణక్క బిగించిన బెల్టు

మా ముత్తాత కొక్కుల నర్సయ్య సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి సొంత మగ్గాలు పెట్టిన మనిషి. తాత రాజేశం ఆ మగ్గాలను కార్ఖానా చేశాడు. సూరత్‌లో మన తెలుగు నేతవాళ్లుండే గోడాదరాలో పంచాయితీ ఎక్కడ కూర్చున్నా మొదటి కుర్చీ ఆయనది. గుజరాతీ వ్యాపారులు కూడా ఆయనను రాజేశం సేఠ్ అనే పిలిచేవారు. నాన్న కాలంలో మగ్గాలు ఒక్కొక్కటిగా పోయాయి, కుర్చీ వెనక వరుసలోకి జరిగింది. నాన్న పోయాక ఆ ఇంటికి పెద్దను నేను. ఇవాళ పొద్దున రేసు కారు సీటుకు వేసే కొత్త బెల్టుల కవరు చించగానే పాలియెస్టర్ దారం వాసన గుప్పుమంది. అది మా కార్ఖానా వాసన. న్యాయంగా దానికి తాత గుర్తుకు రావాలి. నాకు గుర్తుకు వచ్చేది సుగుణక్క. ఆ వాసనను కూడా ఆమె మా వాళ్ల దగ్గర నుంచి తీసేసుకుంది.

సుగుణక్క తండ్రి మల్లయ్య మా తాత దగ్గర మగ్గం నడిపేవాడు. పండగకు ఆయన ఇంటిల్లిపాదికీ బట్టలు మా ఇంటి నుంచే వెళ్లేవి. ఆ మల్లయ్య కూతురు కార్ల సీట్లకు కవర్లు కుట్టడంతో మొదలుపెట్టి, అదే ఊళ్లో కతర్‌గామ్‌లో సొంత దుకాణం తెరిచి, చివరకు డ్రాగ్ రేసు కార్లకు సీట్లూ హార్నెస్‌లూ బిగించే దాకా వెళ్లింది. డ్రాగ్ రేసంటే రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నని దారిలో ఎవరు ముందు చేరతారో తేల్చుకునే పందెం. చూస్తుండగానే అయిపోతుంది, ప్రాణం పోవాలన్నా ఆ కాస్త సమయం చాలు. అందుకే అందులో మామూలు బెల్టు పనికిరాదు. భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు, తొడల మధ్య నుంచి ఒకటి వచ్చి ఒకే బకిల్‌లో కలిసే పట్టీల కట్టు కావాలి. దాన్నే హార్నెస్ అంటారు. వజ్రాల కార్ఖానాల వారసులు ఖరీదైన కార్లలో వచ్చి ఆమె దుకాణం ముందు నిలబడి, "సుగుణాబెన్, ఆజ్ హో జాయేగా?" అని, ఇవాళే చేసిపెట్టమని బతిమాలేవారు. ఆమె ప్లేటులో సూరత్ వాళ్ల లోచో టిఫిను తింటూ, తల ఎత్తకుండానే, "కల్ ఆనా" అని, రేపు రమ్మనేది. డుమస్ రోడ్డు మీద దొంగచాటుగా పందేలు వేసేవాళ్లను గుమ్మం కూడా ఎక్కనిచ్చేది కాదు. సేఠ్ అని పిలిపించుకున్న వంశంలో పుట్టిన నన్ను ఎవరూ ఏ పనికీ అలా బతిమాలింది లేదు.

మొదటి లాక్‌డౌన్‌లో పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. మాకు మిగిలిన కొద్ది మగ్గాలు ఆగిపోయి మళ్లీ నడవలేదు. నా తమ్ముడు వంశీ మాత్రం స్నేహితులతో కలిసి ఒక పాత కారుకు పెద్ద ఇంజన్ బిగించే పనిలో పడ్డాడు. పందేలు మళ్లీ మొదలైతే నడపాలని వాడి కోరిక. వద్దంటే మాటలు మానేశాడు. ఆపలేనప్పుడు కనీసం వాణ్ని పట్టి ఉంచే సీటైనా నేను చూడాలనుకున్నాను. దుకాణాలు తెరిచాక సుగుణక్క దగ్గరకు వెళ్లాను.

"ఏంది చిన్నసేఠ్, తొవ్వ తప్పినవా?"

"తమ్ముడి కారుకు సీటు కావాలి."

"సీటు సంగతి తర్వాత. ముందుగాల మాస్కు ముక్కు మీదికి గుంజు." నేను సర్దుకునేదాకా చూసి, "పోరలందరు ఊర్లకు పోయిండ్రు. నా దగ్గర పని చేస్తవా?" అంది.

"రాజేశం సేఠ్ మనవణ్ని నౌకరీకి పిలుస్తున్నావా?"

"నౌకరీ అన్ననా? చేతులు ఖాళీగున్నయా అని అడిగిన."

ఖాళీగానే ఉన్నాయి. మర్నాటి నుంచి వెళ్లాను.

వంశీ అప్పటికే ఒక సీటు కొని తెచ్చాడు. ఎర్రగా, మెరుస్తూ, రెండు పక్కలా రెక్కలతో అచ్చం రేసు సీటులాగే ఉంది. సుగుణక్క దాని వీపు మీద మోకాలు పెట్టి నొక్కితే అది వెనక్కి వాలిపోయింది. "షోకు మంచిగున్నది. ఇంట్ల ఏసుకొని టీవీ చూసుకో," అని పక్కకు తోసింది. వాలడం, మడవడం ఏమీ లేని, ఒకే డొప్పగా పోసిన సీటు తీసి వాణ్ని హెల్మెట్‌తో సహా కూర్చోబెట్టింది. తుంటి పక్కన చెయ్యి దూరుతుందా, బెల్టులు వచ్చే కంతలు భుజాలకు సరిగ్గా ఉన్నాయా అని అరచేత్తో తడిమి చూసింది. "భుజాలెత్తకురా, పెండ్లి ఫొటో దిగుతున్నవా? ఊపిరి ఇడువు." వంశీ నవ్వాడు. ఇంట్లో నాతో నెలల తరబడి ముభావంగా ఉన్నవాడు ఆమె ఒక్క మాటకు పగలబడి నవ్వాడు. కారు అడుగు రేకు పలచనిదనీ, బోల్టు ఒక్కటే వేస్తే గుద్దుకున్నప్పుడు సీటుతో సహా చించుకుని వస్తుందనీ, కింద ఉక్కు పలక పెట్టి సీటు వీపుకు వెనక దన్ను ఇవ్వాలనీ ఆమె ఆ రోజే నాకు చెప్పింది. శ్రద్ధగా విన్నాను. ఆమె కంటే బాగా చెయ్యాలన్నదే నా శ్రద్ధ అంతా.

ఆమె దుకాణంలో లేని ఒక మధ్యాహ్నం వంశీ బెల్టులు నేనే బిగించాను. మగ్గం ఎరిగిన వాడికి తెలిసిన పద్ధతి ఒకటుంది. పడుగు దారం వెనక ఉన్న రోలర్ మీదుగా కిందికి దిగి బీము అనే దుంగకు చుట్టుకుంటుంది. అలా దిగితేనే బిగువు నిలుస్తుంది. భుజాల బెల్టులను సీటు వీపు మీదుగా వెనక్కి వేసి, నేరుగా కిందికి దింపి నేలకు బోల్టు వేశాను. వేలితో మీటితే పడుగులాగే పలికింది. వంశీ కూర్చుని చూసి, "మస్తు టైట్ ఉన్నది అన్నా," అన్నాడు. ఆ మాట కోసమే కదా అంత చేసింది.

సుగుణక్క వచ్చి బెల్టు మీద ఒక వేలు పెట్టింది. "మగ్గం కట్టినవ్ చిన్నసేఠ్. మా నాయిన ఉంటే గిట్లనే కడ్తుండె."

"గట్టిగా లేదా?"

"గట్టిగనే ఉన్నది. గదే తిప్పలు. పడుగుకు వెన్నుపూస ఉండదు, పోరనికి ఉంటది." ఆమె వంశీ వెనక నిలబడి రెండు చేతులతో వాడి భుజాలను కిందికి అదిమింది. వాడు మూలిగాడు. "కారు గుద్దుకుంటే నీ బెల్టు చేసే పని గిది. ముందటికి పోకుండ పట్టదు, కిందికి నలుపుతది."

సీటు వెనక భుజాల ఎత్తులో అడ్డంగా ఇనుప పైపు వెల్డింగ్ చేయించి, బెల్టులు దానికి తిన్నగా వెనక్కి పోయేలా చుట్టించింది. పని నాచేతే చేయించింది. అయినా అంతా అయ్యాక వంశీ, "అక్కా, జర నువ్వు ఒకసారి చూడు," అన్నాడు. మగ్గం లెక్కలో కట్టినందుకు నాకు సిగ్గు లేదు, మనవాళ్లు ఎవరైనా అలాగే కడతారు. నన్ను కోసింది వాడి మాట. వాణ్ని వేలు పట్టి బడికి తీసుకెళ్లింది నేను. వాడు ప్రాణం అప్పజెప్పింది ఆమెకు.

కరోనా రెండో అల తగ్గాక ఊరి బయట పాత ఎయిర్‌స్ట్రిప్ మీద పందేలకు అనుమతి వచ్చింది. ఆ వారమే సుగుణక్కకు పాజిటివ్ అని తేలింది. ఆమె గదిలో ఒంటరిగా ఉండిపోయింది, వంశీ పక్కన నేను ఒక్కణ్నే నిలబడ్డాను. నిజం చెప్పాలంటే నాకు ఆ ఉదయం పండగలా ఉంది. బెల్టు చేతిలోకి తీసుకోగానే వాడు, "అక్కకు ఫోన్ చెయ్ అన్నా," అన్నాడు.

"నేనున్నా కదా."

"చెయ్ జర." హెల్మెట్‌లో వాడి కళ్లు బెదురుతున్నాయి.

చేశాను. స్పీకర్ పెట్టాను. అవతల దగ్గు ఆగేదాకా ఇద్దరం ఆగాం. "నడుముది ముందు, తుంటి ఎముకల మీద. భుజాలవి తర్వాత," అంది సుగుణక్క. "భుజాలవి ముందుగాల గుంజితే నడుముది పొట్ట మీదికెక్కుతది."

"నాకు తెలుసు."

"నీకు తెలుసని నాకెరుకే. వాడు వినాలని చెప్తున్న." మళ్లీ దగ్గింది. "వంశీ, ఇగ నువ్వు మీ అన్న చేతుల ఉన్నవ్. నేను ఫోన్ పెట్టేస్తున్న."

వాడి భుజాలు అప్పుడు కిందికి దిగాయి. నా తమ్ముణ్ని నాకు ఆమె ఇవ్వాల్సి వచ్చింది. ఆ సంగతి నమిలి మింగుతూనే నడుము బెల్టు ఎముకల మీద బిగించాను, తర్వాత భుజాలవి బిగించాను.

కారు ముగింపు గీత దాటాక వెనక భాగం పక్కకు జారింది. వంశీ సరిచేయబోయాడు, అది అడ్డం తిరిగి చివర పేర్చిన టైర్ల గోడలోకి దూసుకుపోయింది. నేను పరుగెత్తాను. ముందుభాగం నుజ్జయింది. సీటు మాత్రం వేసినచోటే ఉంది. వాడు అందులో నిటారుగా కూర్చుని ఊపిరి తీస్తున్నాడు. బకిల్ నొక్కి విప్పాను.

"అక్కకు చెప్పు," అన్నాడు. "బెల్టు పట్టింది."

"బిగించింది నేనురా."

"నువ్వే అన్నా. అక్క చెప్పినట్టే."

కోలుకుని వచ్చాక సుగుణక్క మొదట చేసిన పని ఆ బెల్టులను కత్తెరతో ముక్కలు చెయ్యడం. నేను బొటనవేలితో తడిమి చూశాను, ఒక్క పోగు తెగలేదు. "తెగలే, సాగింది. ఒకపారి సాగినంక మళ్ల పట్టదు," అంది. తర్వాత ఏడాదికి కోయంబత్తూరులో రేసు కార్లు తయారుచేసే వాళ్లు ఆమెను పిలిచారు. వంశీ కూడా ఆమె వెంట వెళ్లాడు. అడిగింది ఆమె కాదు, వాడే. దుకాణం ఇంకెవరికీ అమ్మనని, కొంటే నన్నే కొనమని ఆమె వెళ్లేముందు చెప్పింది.

ఇప్పుడు నేను ఎవరికి బెల్టు బిగించినా, నడుముది ముందు అని పైకి అంటాను. డ్రైవరుకు తెలిసినా అంటాను. వాడు వినాలి. ఆ మాట నాది కాదని నోరు తెరిచిన ప్రతిసారీ నాకు తెలుస్తుంది. "సుగుణాబెన్ దగ్గర నేర్చుకున్నారా?" అని అడిగితే అవునంటాను. వంశీ ఫోన్ చేస్తాడు. మొదట అమ్మ ఎలా ఉందని అడిగి, తర్వాత అక్క ఏం చేసిందో చెబుతాడు. చివరిదాకా వింటాను. అసూయ తగ్గిందని చెప్పలేను. పనిలో చెయ్యి జారకుండా ఉందంటే అదీ ఒక కారణం.

ఆమె దుకాణం కొనడానికి గోడాదరాలో మేముండే ఇల్లు అమ్మాం. పెద్దకొడుకుగా మొదటి సంతకం నాది. అమ్మా నేనూ ఇప్పుడు కతర్‌గామ్‌లో కిరాయికి ఉంటున్నాం.