పళ్లెంలో రెండో జత గాజులు

నా చిన్నప్పుడు నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేదు, సెలవు లేదు, అయినా ఊళ్లో ఏ పిల్లకీ లేని ఉద్యోగం. మా తాతయ్య వేళ్లు పట్టని చోట నా వేళ్లు పెట్టడమే ఆ పని. చిలకలూరిపేట నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు పక్కన, పత్తి మిల్లుకి ఎదురుగా ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. మా ఇంటివాళ్లు తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టినవాళ్లు. ఈయనొక్కడే కుర్రతనంలో లారీల వెంట తిరిగి ఇంజన్ల పని నేర్చుకుని వచ్చాడు. ఆయన వేళ్లు అరటికాయల్లా లావుగా ఉండేవి. సందులో నట్టు జారిపడినా, లోపలెక్కడో వైరు తగిలించాలన్నా నన్ను కేకేసేవాడు. నేను పుస్తకాల సంచి గుమ్మంలో గిరాటేసి పరిగెత్తేదాన్ని.

నేను ఐదో తరగతిలో ఉండగా ఆ ఉద్యోగం ఊడింది. వినుకొండ నుంచి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. పెదనాన్న పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పనికి కుదిరాడు, పెద్దమ్మకి ఏదో ఆపరేషను చెయ్యాలన్నారు, అందుకని అక్కని కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచారు. పాపం, తల్లికి దూరంగా వచ్చిన పిల్ల. ఈ పాపం అనే మాట ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు నా నోట ఒక్కసారి కూడా రాలేదు. నాకంటే మూడేళ్లు పెద్దది, పొడుగాటి జడ, సన్నటి వేళ్లు. ఆ వేళ్లు చూసినప్పుడే నా గుండెలో రాయి పడింది.

వారం తిరక్కుండా ఏ పానా ఏ నట్టుకి పడుతుందో కంటితో చూసి చెప్పేసేది. అన్నాల దగ్గర తాతయ్య పక్కన కూర్చునేది, అది నా చోటు. ఒకసారి ఆమె కార్బొరేటరులో పిసరంత స్క్రూ బిగిస్తుంటే తాతయ్య మా అమ్మని పిలిచి మరీ చూపించాడు. "చూడమ్మా, ఈ పిల్ల చెయ్యి వణకదు," అన్నాడు. నా చెయ్యి వణుకుతుందని ఆయన అన్లేదు. కానీ నాకు వినపడింది అదే. ఆ రాత్రి అక్క జడకి జిగురు రాయాలనుకున్నాను, ఇంట్లో జిగురు లేక ఊరుకున్నాను.

అక్క నాతో మంచిగా ఉండేది. అదింకా ఒళ్లు మండించేది. కొట్లాడితే తిరిగి కొట్లాడొచ్చు. ఆమె తన జామకాయలో పెద్ద ముక్క నాకిచ్చేది. నేను తినేసి, మళ్లీ కుళ్లుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో, ఎండాకాలం మొదట్లో ఒక శనివారం, పక్క ఊరి పాస్టరు గారి వ్యాను, పెట్రోలుతో నడిచేది, షెడ్డుకి వచ్చింది. వచ్చిందంటే, ఇద్దరు తోసుకుంటూ తెచ్చారు. అప్పుడు ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి ఎటు తిరిగినా ఘాటు, అందరి ముక్కులూ మొద్దుబారిపోయి ఉండేవి. వ్యాను కాసేపు నడిచి ఆగిపోతోందనీ, రేపు ఆదివారం ప్రార్థనకి నడవలేని ముసలివాళ్లని తీసుకురావాలనీ పాస్టరు గారు చెప్పారు. తాతయ్య పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే ఫిల్టరుని విప్పకుండానే వెలుతురుకి తిప్పి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. లోపలంతా తెల్లటి నూగు. సంగతేమిటంటే, పెట్రోలు బంకు దూరమని పాస్టరు గారు డబ్బాతో తెచ్చి పోసుకుంటారు. డబ్బా మూత పోయింది. మిల్లు ముందు పత్తి గుట్టలు ఉండనే ఉన్నాయి కదా, గుప్పెడు తీసి డబ్బా మూతికి కుక్కారు. మా వైపు మనుషులకి తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన అది.

"మావాళ్లు దూదితో పరుపులు కుట్టారు గానీ, బండి కడుపులో ఇట్టా మెత్తలు పెట్టలేదండీ పాస్టరు గారూ," అన్నాడు తాతయ్య. ఆయన కూడా నవ్వేసి, సాయంత్రం వస్తానని ఎవరిదో సైకిలు ఎక్కి వెళ్లిపోయారు.

పెట్రోలు పనంటే తాతయ్యకి ఒక పూజంత పద్ధతి ఉండేది. బండిని షెడ్డులో నుంచి బయటి గాలిలోకి తోయించేవాడు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. తర్వాత ఒక స్టీలు పళ్లెం తిప్పేవాడు. బీడీలు, అగ్గిపెట్టె, వాచీ, మెడలో గొలుసు, చేతుల గాజులు, అన్నీ అందులో పెట్టాలి. గాజు వెళ్లి బ్యాటరీకి తగిలితే రవ్వ లేస్తుంది, రవ్వ లేచిన చోట పెట్రోలు ఆవిరి ఉంటే ఇక చెప్పుకోవడానికి మనం ఉండం అనేవాడు. పళ్లెంలో పెట్టనివాళ్లు బండికి పది అడుగుల దూరంలో నిలబడాలి, అది ఊరి ప్రెసిడెంటైనా సరే. ఆ తర్వాతే బ్యాటరీ మైనస్ వైరు విప్పేది, ట్యాంకు మూత ఒకసారి తెరిచి లోపలి గాలి వదిలేది. కాస్త ఎడంగా ఇసుక బకెట్టు ఉండి తీరాలి.

ఆ రోజు బండికి పది అడుగుల దూరంలో, గాజులు తియ్యాల్సిన అవసరం కూడా లేకుండా, ఇసుక బకెట్టు పక్కన నిలబడే పని నాకు పడింది. బకెట్టు దానంతటది నిలబడగలదు, దానికి నా తోడెందుకో నాకు అర్థం కాలేదు. బ్యాటరీ వైరు విప్పింది అక్క. గొట్టం మడిచి దారంతో కట్టింది అక్క. పాత ఫిల్టరులో నుంచి కారిన పెట్రోలుని ఒక్క చుక్క నేల పడకుండా డబ్బాలోకి పట్టింది అక్క. కొత్త ఫిల్టరు మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలని తాతయ్య చెప్పకముందే తిప్పి పెట్టింది. రెండు వైపులా గొట్టాలు ఎక్కించి, క్లిప్పుల స్క్రూలు బిగించి, దారం విప్పింది. తాతయ్య ఆమె తల మీద చెయ్యి వేసి నిమిరాడు. అరటికాయల్లాంటి ఆ వేళ్లు ఆ జడ మీద ఉండగా నేను చూశాను.

అయిపోయాక ఆయన సాయంత్రపు అసర్ నమాజుకి చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్లాడు. అక్క హోటలు నుంచి టీలు తేవడానికి వెళ్లింది. వ్యానూ నేనూ మిగిలాం.

నా ఆలోచన చాలా చిన్నది, అదొక్కటే నేను చెప్పుకోగల సమర్థింపు. పని అయ్యాక తాతయ్య ఇంజను కాసేపు నడిపించి, ఆపించి, తెల్ల కాగితం ముక్కతో ప్రతి అతుకూ ఒత్తి చూసేవాడు. మిరపకాయల రోజుల్లో ముక్కుని నమ్మకూడదని ఆయన పట్టుదల. ఆ కాగితం కాస్త తడిస్తే చాలనుకున్నాను. అక్క చెయ్యి కూడా వణుకుతుందని ఆయనకి తెలియాలి. చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని ఇంజను వైపు క్లిప్పుని అరచుట్టు వదులు చేద్దామనుకున్నాను. స్క్రూ కొత్తది, నూనె రాసి ఉంది, నేననుకున్న దానికంటే తేలిగ్గా తిరిగింది. రెండు చుట్లు తిరిగింది. ఎంత వదులైందో చూద్దామని గొట్టం పట్టుకుని కదిపితే అది ఫిల్టరు మూతి దాకా జారి వచ్చేసింది. దాన్ని మళ్లీ ఎక్కించబోతుంటే రోడ్డు మీద టీ గ్లాసుల చప్పుడు వినిపించింది. నేను పరిగెత్తి బకెట్టు పక్కన నిలబడ్డాను.

తాతయ్య నమాజు ముగించుకుని వచ్చాడు. టీ తాగాడు. ఇంజను దగ్గర కాసేపు వంగి ఏదో చూశాడు, పళ్లెం వైపు చూశాడు, అక్కతో ఏదో మాట్లాడాడు. ఆయన ముఖంలో నాకేమీ కనిపించలేదు. తర్వాత అక్కని ఎక్కి కూర్చోమన్నాడు.

ఇది కూడా ఆయన పద్ధతే. ఎవరు బిగించారో వాళ్లే మొదట తాళం తిప్పాలి. బిగించినవాళ్లకే బండిలో కూర్చోవడానికి భయమైతే దాన్ని వేరేవాళ్లకి ఎలా ఇస్తామనేవాడు. నాకు ఆ సీటులో కూర్చునే రోజు అప్పటిదాకా రాలేదు. నేను ఎప్పుడూ ఏ పనీ మొదటి నుంచి చివరి దాకా చెయ్యలేదు మరి. అక్క రెండు నెలల్లో ఆ సీటు ఎక్కింది. జడ ముందుకి వేసుకుని, అద్దంలో ముఖం చూసుకుని, తాళం మీద చెయ్యి పెట్టింది.

ఆ వ్యానుకి ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. పంపు పెట్రోలుని తోస్తుంది, గొట్టం ఊడుతుంది, అక్క కింద, సరిగ్గా అక్క కింద. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. తాతయ్య ఇక నన్ను షెడ్డు గడప తొక్కనివ్వడు. ఆ సీటు శాశ్వతంగా అక్కదే. ఈ లెక్క నేను నిజంగానే వేసుకున్నాను. పదేళ్ల పిల్లని, మా అక్క ప్రాణాన్నీ నా ఉద్యోగాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాను, ఎంతసేపు చూశానో చెప్పలేను గానీ చూశాను. ఆ తర్వాత అరిచాను.

"అక్కా దిగు! తిప్పమాక! గొట్టం ఊడింది!"

అప్పటికే ఆమె తాళం తిప్పేసింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఏమీ కాలేదు. ఇంజను కనీసం మూలగలేదు. కళ్లు తెరిచేసరికి తాతయ్య బ్యాటరీ దగ్గర నిలబడి ఉన్నాడు. మైనస్ వైరు ఇంకా విప్పే ఉంది. "ఏందమ్మా, బ్యాటరీ తగిలించకుండానే తాళం తిప్పుతావా? ముందు అన్నీ చూసుకోవద్దా? నీ చెల్లి చూడు, గొట్టం సంగతి ఎట్టా కనిపెట్టిందో," అన్నాడు అక్కతో. అక్క దిగి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. నీ కళ్లు చల్లగుండ అంది. అంత చేదైన మెప్పు నేను మళ్లీ ఎప్పుడూ పొందలేదు.

అక్క గ్లాసులు తిరిగి ఇచ్చి రావడానికి వెళ్లగానే తాతయ్య పళ్లెం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఆయన బీడీ కట్ట, వాచీ, అక్క ఎర్ర గాజులు. వాటి పక్కన నా స్టీలు గాజులు రెండు. క్లిప్పు జోలికి వెళ్లబోతూ నేనే తీసి పెట్టాను. అలవాటు కొద్దీ పెట్టాను, కంగారులో మళ్లీ తీసుకోవడం మరిచాను.

"పాడుపనికి పోతా కూడా గాజులు తీసిపెట్టి పోయావంటే," అని నా గాజుల్ని వేలితో కదిపాడు. నవ్వుతున్నాడో కోప్పడుతున్నాడో తెలియలేదు. "గొట్టం నేను వచ్చినప్పుడే బిగించా. నువ్వు అరుస్తావో అరవవో అని నా గుండె కొట్టుకుందే. అరవకపోయుంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. కడుపు మండితే నా దగ్గరకొచ్చి చెప్పు. తిట్టు, కొట్టు. బండ్ల మీద చూపించమాక."

నాకు కడుపు మండుతోందని అప్పుడే చెప్పాను. అన్నం దగ్గర నా చోటు గురించి, జడ మీద చెయ్యి గురించి, బకెట్టు గురించి, ఏడుస్తూ అన్నీ చెప్పాను. ఆయన చివరి దాకా విన్నాడు. పై నెలలో ఒక జీపుకి ఫిల్టరు మార్చే పని మొత్తం నా చేత చేయించి, తాళం నా చేత తిప్పించాడు. నా చెయ్యి వణికింది. వణికినా అతుకులు తడవలేదు.

ఆ రోజుతో నా కుళ్లు పోయిందని చెబితే అబద్ధం. తర్వాత ఉద్యోగంలో, తోటివాళ్ల ఇళ్లు చూసినప్పుడు, వాళ్ల పిల్లల మార్కులు విన్నప్పుడు, అది వస్తూనే ఉంది. వచ్చినప్పుడు ఎవరి మీద వచ్చిందో వాళ్లకే చెప్పేస్తాను. కొందరు నవ్వుతారు, ఒకరిద్దరు మాట్లాడ్డం మానేశారు. కానీ ఆ క్లిప్పు మాట మాత్రం ఇరవై ఏళ్లు దాటినా అక్క దగ్గర నోటిదాకా రాలేదు.

తాతయ్య పోయాక, పోయినేడు మేమిద్దరం పిల్లల్ని తీసుకుని వాడరేవు వెళ్లాం. ఇసుకలో కూర్చుని అక్క పిల్లలకి ఆ కథ మొదలుపెట్టింది, చిన్నమ్మ ఎంత చురుకో, తనని ఎలా కాపాడిందో. నేనిక వినలేకపోయాను. పిల్లలు నీళ్ల వైపు పరిగెత్తగానే, ఆ గొట్టం ఊడదీసింది నేనేనని చెప్పేశాను.

అక్క నా వైపు కూడా తిరగలేదు. "బ్యాటరీ వైరు విప్పింది నేనే కదే," అంది. "తగిలించకుండా తాళం ఎందుకు తిప్పుతాను? తాతయ్య తిప్పమన్నాడు, తిప్పాను. చిన్నది అరుస్తది చూడు అన్నాడు. అరిచావు."

ఇన్నేళ్లూ ఆ సాయంత్రం నాదీ తాతయ్యదీ మాత్రమే అనుకున్నాను. అందులో కూడా అక్క ఉంది, ఆయన పక్కనే ఉంది, నాకంటే ముందు నుంచీ ఉంది. సిగ్గుపడాల్సిన చోట నాలో లేచింది అదే పాత మంట.

"నాకిప్పుడు నీ మీద చాలా కుళ్లుగా ఉందే అక్కా," అన్నాను.

"చెప్పావుగా," అంది అక్క, ఇసుకలో కాస్త జరిగి నాకు చోటిస్తూ.