ఊరికొక రాజద్రోహి

మా ఆయన రాజద్రోహి అన్న సంగతి కరణంగారు చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి నేను కాపురానికి వచ్చి చాలా కాలమే అయింది. పొద్దున్నే చద్దన్నంలో మాగాయ నంజుకుని, పంచె ఎగ్గట్టి చేలోకి వెళ్ళే మనిషిలో ద్రోహం ఏ మూల దాగి ఉందో నేనైతే కనిపెట్టలేకపోయాను. పైగా ఆయన మా ఊరి మున్సబు. శిస్తు వసూలు చేసి సర్కారుకు పంపేది ఆయనే, దొరలు వస్తే తలపాగా చుట్టుకుని ఊరి పొలిమేర దాకా ఎదురెళ్ళేదీ ఆయనే. ఆ ఉద్యోగం వాళ్ళ తాతగారి నాటి నుంచీ ఆ ఇంట్లోనే ఉంది.

మాది కాలువకు చిట్టచివరి ఊరు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి సర్కారువారు కాలువలు తవ్వించాక గోదావరి సీమ అంతా పచ్చబడింది. కాదంటే కళ్ళు పోతాయి. అయితే ఆ కాలువ మా ఊరు చేరేసరికి దానికి ఓపిక అయిపోయేది. ఎగువ ఊళ్ళవాళ్ళు తూములు బార్లా తెరుచుకుని, చేలు తడుపుకుని, గేదెల్ని కడుక్కుని, ఇంక అక్కర్లేదనుకున్నది మాకు వదిలేవారు. మా వైపు కాలువ పూడిపోయి సగం మెరక తేలింది. నీటి తీరువ మాత్రం ఎగువ వాళ్ళతో సమానంగా మేమూ కట్టేవాళ్ళం. ఆ విషయంలో సర్కారువారికి పక్షపాతం లేదు.

ఆ ఏడు ఆకుమళ్ళలో నారు పచ్చగా లేచి, నీళ్ళందక పసుపురంగుకు తిరిగింది. ఇంకొన్నాళ్ళు పోతే ఊడ్చడానికి నారు ఉండదు. నారు లేకపోతే ఆ ఏటికి తిండి లేదు. మా ఆయన కలెక్టరు దొరగారికి అర్జీ పెడదామని చావడి దగ్గర పెద్దలను పిలిచారు.

ఇక్కడొక మాట చెప్పాలి. అరుగు మీద కూర్చుని సర్కారును తిట్టని మగవాడు మా ఊళ్ళో లేడు. తీరువకు తిట్టేవారు, ఉప్పు మీద పన్నుకు తిట్టేవారు, చుట్ట సరిగా అంటుకోకపోయినా తిట్టేవారు. అదంతా కాలక్షేపం. అదే మాట కాగితం మీద పెడదామనేసరికి చావడి అంతా చల్లబడిపోయింది. కరణంగారు గొంతు సవరించుకున్నారు.

“రాణీగారి కాలువకు వంక పెడితే రాణీగారికి వంక పెట్టినట్టేనండి. దీన్ని రాజద్రోహం అంటారు.”

కాలువలో నీళ్ళు లేవని తెలిస్తే ఆవిడే బాధపడుతుంది కదా అని మా ఆయన అన్నారట. ఆవిడకు తెలియకుండా దాచేవాళ్ళది భక్తీ, తెలియజెప్పేవాడిది ద్రోహమూ ఎలా అవుతాయని అడిగారట. పెద్దలందరూ భోజనాలకు వేళయిందని లేచిపోయారు. అర్జీ కింద ఆయన ఒక్కరే సంతకం పెట్టి పంపారు.

కొన్నాళ్ళకు తాఖీదు వచ్చింది. దొరగారు స్వయంగా వచ్చి కాలువ చూస్తారు. అర్జీలో రాసింది అబద్ధమని తేలితే మున్సబు ఉద్యోగం ఊడుతుంది. ఆయన నవ్వుతూనే చదివి వినిపించారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

ఊళ్ళోవాళ్ళకు ఈ భయాలేవీ లేవు. దొర వస్తున్నాడన్న మాట చెవిన పడగానే నారు సంగతి మరిచిపోయారు. కొబ్బరి మట్టలతో పందిళ్ళు వేశారు. చావడికి సున్నం కొట్టారు. ఒక్క చిక్కు మిగిలింది. దొరలు పడవలో వస్తారు. మా కాలువలో పడవ కాదు కదా అరటి దొప్ప కూడా తేలదు. పక్క ఊళ్ళో పడవ దిగి దొరగారు బురదలో నడిచి రావాలి. పక్క ఊరివాళ్ళు దాన్ని మూడు తరాల పాటు చెప్పుకుంటారు. మా పెద్దలు ఆ అవమానం తలచుకుని గిలగిల్లాడిపోయారు. అందరూ కలిసి ఎగువ ఊళ్ళకు వెళ్ళి, దొరగారు వచ్చి వెళ్ళేదాకా తూములు మూసి పెట్టమని బతిమాలారు. పంటకు నీళ్ళడిగితే కర్రలు తీసే ఆ మనుషులు, దొరగారి పడవ అనగానే సరేనన్నారు. ఎటొచ్చీ వాళ్ళ చేలూ తడవాలి కనక మధ్యాహ్నం దాకానే అన్నారు.

నీళ్ళు లేవని చూడడానికే ఆయన వస్తున్నాడు, మీరు నింపి చూపిస్తే ఎలాగని మా ఆయన వాళ్ళకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారు.

“బాగుందండి. ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎండిన కాలువ చూపిస్తామా? ఖాళీ బిందెతో ఎదురెళ్ళినట్టుండదూ?” అన్నాడు ఒక పెద్దాయన.

మర్యాద విషయంలో మా సీమవాళ్ళతో వాదించి గెలిచినవాడు లేడు. మా ఆయన ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, “పోనీలే, నారన్నా తడుస్తుంది” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం పోయేది ఈయనది, మర్యాద దక్కేది వాళ్ళకి.

ఆ రోజు పొద్దున మా కాలువను నేనే గుర్తుపట్టలేకపోయాను. గట్టు ఒరుసుకుని పారుతోంది. హారతి పళ్ళెం పట్టుకుని మిగతా ముత్తైదువలతో గట్టు మీద నిలబడ్డాను. తెల్లటి పడవ తిన్నగా మా ముందుకు వచ్చి ఆగింది. దొరగారు గట్టు మీదికి దిగి, కాలువ అటూ ఇటూ చూసి, పక్కనున్న గుమస్తాతో ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నీళ్ళు లేవని రాసింది ఈ కాలువ గురించేనా అని గుమస్తా మా ఆయన్ని అడిగాడు.

“ఈ కాలువేనండి. తమరు దయచేశారని నీళ్ళు కూడా దయచేశాయండి” అన్నారు మా ఆయన.

గుమస్తా లోకజ్ఞానం ఉన్న మనిషి. ఆ మాటను ఏ పొగడ్త కింద మార్చి చెప్పాడో గాని దొరగారు చిరునవ్వు నవ్వి, తిరిగి పడవెక్కబోయాడు. అప్పుడే వెళ్ళిపోయి ఉంటే అర్జీ అబద్ధమని తేలేది, నారు ఎండేది, ఊరి పరువు నిలిచేది. మా వాళ్ళు వెళ్ళనిస్తేగా. కొబ్బరి బొండాలు తాగకుండా వెళ్ళడానికి వీల్లేదన్నారు. తరవాత చక్కరకేళీలు. తరవాత పాలకోవా. తరవాత కరణంగారు దొరగారి మీద తాము అల్లిన పద్యాలు తీశారు. ఒక్కో పద్యం చదివి, అర్థం చెప్పి, ఆ అర్థం గుమస్తా ఇంగ్లీషులోకి దింపేదాకా ఆగి, మళ్ళీ ఇంకోటి. దొరగారిని ఇంద్రుడన్నారు, చంద్రుడన్నారు, భగీరథుడన్నారు. సరిగ్గా భగీరథుడి దగ్గరకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎగువ వాళ్ళు మాట ప్రకారం తూములు ఎత్తేశారు.

ముందు పడవ చిన్నగా మూలిగింది. తరవాత ఒక పక్కకు ఒరిగింది. చూస్తూండగానే నీళ్ళు దిగిపోయి, ఎప్పటి మా కాలువ బయటపడింది. దొరగారు తొందరపడి పడవ దగ్గరకు దిగబోయి మోకాలి దాకా బురదలో కూరుకుపోయాడు. ఇద్దరు మనుషులు లాగితే కాలు వచ్చింది గాని బూటు రాలేదు. నాకు నవ్వాగక పళ్ళెం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

నీళ్ళు ఏమయ్యాయని దొరగారు కేకవేశాడు. సర్కారు తూములు ముట్టుకున్నారని తెలిస్తే అన్ని ఊళ్ళ పెద్దలూ కచేరీ మెట్లెక్కాలి. కరణంగారు చేతులు కట్టుకుని ముందుకు వచ్చారు.

“మా కాలువ ఎప్పుడూ నిండుగానే ఉంటుందండి. తన అర్జీ నిజమనిపించుకోడానికి మున్సబుగారే ఎక్కడో నీళ్ళు మళ్ళించేసి ఉంటారండి.”

పెద్దలందరూ తలలు ఊపారు. వాళ్ళలో మా ఇంట్లో భోజనం చెయ్యనివాడు ఒక్కడు లేడు. ఈ పని ఎవరు చేశారో చెప్పమని దొరగారు మా ఆయన్ని నిలదీశాడు. ఆయన పెద్దల వైపు చూశారు. వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. పేర్లు చెప్పెయ్యండి అని నాకు అరవాలనిపించింది.

“పొద్దున తమరు చూసింది అబద్ధమండి. ఇప్పుడు తమరి కాలికి అంటుకున్నదే మా కాలువ. ఎవరు చేశారో మాత్రం నేను చెప్పనండి” అన్నారాయన.

ఉద్యోగం పోయింది. సర్కారుకు ద్రోహం చేశాడని సర్కారువారు తీసేశారు. దొర ముందు ఊరి పరువు తీశాడని ఊరివాళ్ళు మాటలు మానేశారు. ఒక్క మనిషి ఒకే పూటలో ఇద్దరికీ ద్రోహి కావడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆయన పైకి నవ్వుతూ తిరిగేవారు. శిస్తు లెక్కలు తేల్చే జమాబందీకి అధికారులు వచ్చిన రోజున మాత్రం అలవాటుగా తలపాగా తీసి చుట్టుకోబోయి, ఆగి, మళ్ళీ చిలక్కొయ్యకు తగిలించారు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

దొరగారు బురదను మరిచిపోలేదు. మరుసటి వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేయగానే కూలీలు దిగి మా వైపు పూడికంతా తీశారు. ఎగువ తూములకు వంతులు పెట్టి, కాపలాకు లస్కరును వేశారు. ఏరువాక నాటికి మా బోదెల్లో నీళ్ళు గలగలా పారాయి. ఊరివాళ్ళు గట్టు మీద దొరగారి పేరు చెప్పి కొబ్బరికాయలు కొట్టారు. కరణంగారు నాకు ప్రసాదం ఇస్తూ, ఇంత మంచి సర్కారు మీదనా అమ్మా మీ వారు అర్జీ పెట్టింది అని నొచ్చుకున్నారు. ఆ కొబ్బరి చెక్క ఆయన మొహాన కొట్టకుండా ఉండడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

ఆ మరుసటి ఏడు వానలు ముంచేశాయి. వచ్చిన నీళ్ళు పోవడానికి దారి లేదు. మురుగు కాలువ తవ్వించడం సర్కారువారు మరిచిపోయారు. ఊడ్చిన చేలు మునిగి కుళ్ళిపోతున్నాయి. భోజనాలయ్యాక ఊరంతా కునుకు తీసే వేళ చూసుకుని పెద్దలు మా పెరటి గుమ్మంలో నుంచి లోపలికి వచ్చారు. కరణంగారు కూడా ఉన్నారు. ఆయనే మొదలుపెట్టారు.

“మేమంటే పరువుగా బతుకుతున్న వాళ్ళమండి. మీకెలాగూ ఆ పేరు వచ్చేసింది. ఇంకొకటి రాసెయ్యండి.”

మా ఆయన వాళ్ళను వెళ్ళగొడతారనుకున్నాను. ఆయన కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. రాసి చదివి వినిపించారు. అందరూ చాలా బాగుందన్నారు, ఉన్నది ఉన్నట్టుగా ఉందన్నారు. సంతకాల దగ్గరకు వచ్చేసరికి ఒకరికి దాహం వేసింది, ఒకరికి గేదె గుర్తొచ్చింది. కరణంగారు వచ్చిన దారినే చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు.

కాగితం కింద ఆయన సంతకం ఒక్కటే ఉంది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అక్షరాలు నాకు ఆయనే నేర్పారు. మంగళహారతులు రాసుకోడానికి తప్ప అప్పటిదాకా వాటితో నాకు పని పడలేదు. పీట లాక్కుని కూర్చుని, ఆయన పేరు కింద నా పేరు రాశాను. ఆఖరి అక్షరం వంకర పోయింది.

ఆయన ఆ వంకర అక్షరం కేసి చూసి, “ఇంక ఊళ్ళో ఇద్దరమయ్యాం” అన్నారు.