చర్చి హాల్లో హాన్ అంకుల్ సినిమా

మొన్న మా ఇంటి దగ్గరి కొరియన్ కొట్టులో ఓ అమ్మాయి నువ్వుల నూనె సీసా మూత విప్పి, వచ్చినవాళ్ళకి రుచికి చెంచాడు చొప్పున పోసి ఇస్తోంది. ఆ వాసన తగలగానే సామాన్ల బండి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఊరగాయలు పెట్టే రోజున మా అమ్మ వంటింట్లో వచ్చే వాసన కాదది. గింజల్ని దాదాపు మాడేదాకా వేయించి తీసిన నూనె, కాస్త పొగ, కాస్త తీపి కలిసిన వాసన. అది మా చిన్నప్పటి చర్చి హాలు వాసన.

మా నాన్న కార్ల కంపెనీలో ఇంజినీరుగా అమెరికాలోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చిన రోజుల్లో మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఓ కొరియన్ చర్చిలో పొద్దున వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం మాది. మేం తడి బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టేసరికి వాళ్ళ భోజనాలు ముగుస్తూ ఉండేవి. నల్లటి సముద్రపు ఆకులో చుట్టిన అన్నం ముక్కలు, బియ్యప్పిండితో చేసిన మెత్తటి తెల్లటి బిళ్ళలు, ఎర్రటి కారం పట్టించిన క్యాబేజీ మాకోసం పక్కన తీసి ఉంచేవాళ్ళు. క్రిస్మస్‌కి మా వాళ్ళు అరిసెలు, కజ్జికాయలు డబ్బాలకొద్దీ పట్టుకెళ్ళేవాళ్ళు. బాపట్ల నుంచి వచ్చి మాతోనే ఉండిపోయిన మా నానమ్మ ఆ క్యాబేజీని మొదటిసారి నోట్లో పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "వీళ్ళెవరో మనోళ్ళే" అని తేల్చేసింది.

నానమ్మకి అక్కడ దొరికిన స్నేహితురాలు హల్మొని. కొరియన్ భాషలో ఆ మాటకి నానమ్మ అనే అర్థం. పిల్లలందరం ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్ళం. ఒక వైపు గుండ్రంగా, ఇంకో వైపు బల్లపరుపుగా ఉండే నాలుగు చెక్క పుల్లలు ఎగరేసి, అవి పడిన తీరును బట్టి గుడ్డ మీద కాయలు జరిపే ఆట ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. నానమ్మ దాన్ని చూడగానే పచ్చీసు అనుకుని కొంగు బిగించి కూర్చుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినా కిటికీ అవతల మంచు కురుస్తుంటే, దొంగాట ఆడావంటే నువ్వే ఆడావని రెండు భాషల్లో పోట్లాడుకునేవాళ్ళు.

హల్మొని కొడుకు హాన్ అంకుల్ వారమంతా కారు విడిభాగాల షాపులో పనిచేసి, శని ఆదివారాలు చర్చి బాగోగులు చూసుకునేవారు. చర్చి వెనకాల చిన్న ఇంట్లోనే ఉండేవారు. నెలకో శనివారం మధ్యాహ్నం హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్లటి దుప్పటి పరిచి, ప్రొజెక్టరు మీద పిల్లలకి సినిమా వేసేవారు. ఎప్పుడూ అమెరికన్ సినిమాలే. గుర్రాల మీద తుపాకులు కాల్చుకునేవి, భవనాలు పేలిపోయేవి, అంతరిక్షంలో యుద్ధాలు చేసేవి. సినిమా అవగానే పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తి మేమంతా ఆ వీరులమైపోయేవాళ్ళం. ఆ వీరుల పేర్లలో మా పేర్లలాంటిది ఒక్కటీ లేదని మాకు తట్టేది కాదు.

ఆయన కూతురు యున్‌హీ నా ఈడుదే. బళ్ళో మాత్రం తన పేరు యూనిస్ అని చెప్పేది. ఎవరైనా వింటున్నప్పుడు నాన్న కొరియన్‌లో పలకరిస్తే, కావాలని ఇంగ్లీషులోనే జవాబిచ్చేది. అంకుల్ కూడా ఇంగ్లీషులోకి మారిపోయేవారు.

ఓ శనివారం మంచు ముంచేసింది. అంకుల్ సినిమాలు అద్దెకి తెచ్చే వీడియో కొట్టు తెరవలేదు. అప్పటికే చేరిన పిల్లలు, పెద్దలు ఖాళీ దుప్పటి ముందు కూర్చుని గోల చేస్తున్నారు. హల్మొని లేచి, శాలువా కప్పుకుని, ఆ మంచులోనే ఇంటికి నడిచి వెళ్ళి గుడ్డలో చుట్టిన క్యాసెట్ ఒకటి తెచ్చింది. దాన్ని చూడగానే అంకుల్ ముఖం మారిపోయింది. తల్లితో గట్టిగా ఏదో అన్నారు. ఆవిడ ఆయన్ని పట్టించుకోకుండా క్యాసెట్ తెచ్చి యున్‌హీ చేతిలో పెట్టింది.

"మా నాన్న తీసిన సినిమా అట," అంది యున్‌హీ, నమ్మలేనట్టు. తనకే అప్పటిదాకా తెలియదు.

పల్లెలో ఉండే ఓ ముసలావిడ, పట్నంలో బట్టల మిల్లులో పనిచేసే కూతురికి ఇంట్లో పట్టిన సోయా పచ్చడి జాడీ ఎత్తుకుని బస్సులో బయల్దేరుతుంది. ఇల్లు దొరకదు. సినిమా అంతా అంతే. కింద ఇంగ్లీషు అక్షరాలు లేవు. పిల్లలు విసుక్కోవడం మొదలుపెట్టారు. నానమ్మ నన్ను పొడిచి, "రూతమ్మా, ఏమంటందే ఆవిడ?" అని అడిగింది. నేను యున్‌హీని అడిగాను. యున్‌హీ మొదట గొణుగుతూ, తర్వాత కాస్త గొంతు పెంచి ఇంగ్లీషులో చెప్పింది. దాన్ని నేను తెలుగులో నానమ్మ చెవిలో వేశాను. కాసేపటికి గోల తగ్గింది. పిల్లలు ఒక్కొక్కరే యున్‌హీ దగ్గరికి జరిగారు. రద్దీ బస్సులో జాడీ ఒరిగినప్పుడు నానమ్మ, "పగలనీకు ప్రభువా" అని పైకే అనేసింది.

మధ్యలో ఉన్నట్టుండి రెండు కార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. పిల్లలు ఈలలు వేశారు.

"ఈ కార్లెందుకొచ్చినై మజ్జెలో? ఆ తల్లి ఎటుపోయింది?" అంది నానమ్మ.

ఆ ప్రశ్న నా మీదుగా, యున్‌హీ మీదుగా అంకుల్‌ని చేరింది. ఆయన పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వగా మేం చూడటం అదే మొదలు. "నేనూ అదే అడిగాను," అన్నారు.

మిగతాదంతా ఆ సాయంత్రం, వేడి బార్లీ టీ తాగుతూ చెప్పారు. సియోల్‌లో పెద్ద హాళ్ళన్నిటికీ అమెరికన్ సినిమాలే కావాలట. అలాంటి కార్ల ఛేజ్ ఒకటి పెడితే తప్ప జనం రారని నిర్మాత పట్టుబట్టాడట. పెట్టినా వారం తిరక్కుండానే, ఓ పెద్ద అమెరికన్ సినిమా వస్తోందని దీన్ని ఎత్తేశారట. మా నాన్నకి కోపం వచ్చి, "మరి మీరు మా పిల్లలకి వాళ్ళ సినిమాలే వేస్తారేంటండీ?" అన్నాడు. అంకుల్ టీ కప్పు కింద పెట్టారు. "కెమెరా ఎక్కడ పెట్టాలో నాకు నేర్పింది ఆ సినిమాలే. వాటి మీద నాకు ద్వేషం లేదు. మా కథకి కూడా ఒక కుర్చీ ఉండాలనుకున్నాను, అంతే."

తర్వాతి నెల సినిమా అయ్యాక పార్కింగ్ లాట్‌లో ఓ చిన్నపిల్ల కాగితపు గ్లాసుని జాడీలా నెత్తిన పెట్టుకుని నడిస్తే, తుపాకుల వాళ్ళంతా దారి ఇచ్చారు. బడిలో కొత్త టీచరు పేరు అడిగితే, యున్‌హీ తన పేరు యున్‌హీ అనే చెప్పింది. ఎలా పలకాలో రెండుసార్లు నేర్పింది కూడా.

ఇప్పుడు ఆ చర్చి హాలు లేదు. దాన్ని పడగొట్టి ఇళ్ళు కట్టారు. వీడియో కొట్లు పోయాయి. నానమ్మ, హల్మొని ఇద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ నాలుగు పుల్లలు ఎక్కడ పోయాయో ఎవరికీ తెలియదు. చీకట్లో ఒక నోటి నుంచి ఇంకో చెవికి, రెండు భాషలు దాటి సినిమా నడిచి వెళ్ళడం నేను మళ్ళీ చూడలేదు.

కానీ ఈమధ్య మా ఊరి మల్టీప్లెక్స్‌లో కొరియన్ సినిమా వస్తే హాన్ అంకుల్‌ని తీసుకెళ్ళాను. ఆయనకి ఎనభై దాటాయి. మా పక్క స్క్రీన్‌లో తెలుగు సినిమా, దాని పక్కన అమెరికన్ సినిమా. మా హాలు నిండా ఈ దేశపు కుర్రకారే. అంకుల్ తెర వైపు తక్కువ, వెనక్కి తిరిగి వాళ్ళ ముఖాల వైపు ఎక్కువ చూశారు. లైట్లు వెలిగినా లేవలేదు. చివర పేర్లు పైకి పోతూ ఉంటే, తెర కింద వేసే ఇంగ్లీషు మాటలు రాసిన యున్‌హీ పేరు వచ్చేదాకా కూర్చుని, అది కనపడగానే నా మోచేయి గట్టిగా పట్టుకున్నారు.

ముందు వరుసలో ఓ తెల్లమ్మాయి ఇటు తిరిగింది. "మీకు ఈ భాష వచ్చా? సినిమాలో ఆ తాతగారు గేటు దగ్గర ఏదో గొణిగారు కదా, అది కింద ఇంగ్లీషులో వెయ్యలేదు. ఏమన్నారండీ?"

అంకుల్ కర్ర పక్కన పెట్టి కుర్చీలో ముందుకి జరిగారు. ఆ మాటేమిటో చెప్పారు. ఆ మాట అనేటప్పుడు కెమెరా అంత దూరంలో ఎందుకుందో రెండు చేతులతో చట్రం కట్టి చూపించారు. ఆ పిల్ల స్నేహితులు కూడా వచ్చి చుట్టూ చేరారు. హాలు ఊడవడానికి వచ్చినతను కాసేపు చూసి, పాప్‌కార్న్ బకెట్లు అక్కడే వదిలి పక్క హాలుకి వెళ్ళిపోయాడు.